కొండ దిగిన పిల్లలకి మొదటి ఇంగ్లీషు క్లాసు



జూన్ 12 దగ్గర పడుతోంది. మన ఊళ్ళల్లో ఈపాటికి అటకల మీద ట్రంకు పెట్టెలు దింపి దులుపుతుంటారు. ఊళ్ళో ఐదో తరగతి అయిపోయిన పిల్లలు ఆరో తరగతికి గురుకులాలకి, ఆశ్రమ పాఠశాలలకి కొండ దిగుతారు. వాళ్ళల్లో చాలామందికి పూర్తిగా ఇంగ్లీషులో పాఠం వినడం అదే మొదటిసారి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను గానీ వాళ్ళు చదవరు, వాళ్ళ చేతుల్లో ఫోన్లుండవు. పెట్టె నెత్తిన పెట్టుకుని వాళ్ళని దింపి వచ్చేది మీరు. అందుకే మీకు చెప్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

మాది సీతంపేట ఏజెన్సీ. నేను చదివేటప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. మేము సవరలం. నాన్నకి కొంత పోడు, నాలుగు జీడి చెట్లు, కొంచెం అనాస తోట. సీజన్లో కొండ చీపుర్లు, చింతపండు. ఇంట్లో సవరే మాట్లాడతాం. తెలుగు నాకు సంతలోనూ బడిలోనూ వచ్చింది. సంత తెలుగు వేరు, బడి తెలుగు వేరు అని ఆరో తరగతికి వెళ్ళాకే తెలిసింది. ఇంగ్లీషు మీడియం గురుకులంలో సీటు వచ్చిందని తెలిసినప్పుడు మా ఊరంతా సంబరపడింది. ఆ బడి పేరు ఇక్కడ రాయను. ఒక్క బడి సంగతైతే రాసేవాణ్ణే కాదు.

మొదటి రోజు ఇంగ్లీషు పీరియడ్. హాజరు పిలుస్తున్నారు సారు. మనకి తెలుసు కదా, మా వాళ్ళ ఇంటిపేరు చాలామందికి సవర అనే ఉంటుంది. కొండ దిగి బడికి వచ్చిన రోజు ఎవరో ఒక మాస్టారు రిజిస్టర్లో అలా రాసేస్తారు, అదే పత్రాలన్నిటిలో స్థిరపడిపోతుంది. ఇంగ్లీషులో పేరు ముందు ఎస్ అని పడుతుంది. వరసగా ఎస్, ఎస్, ఎస్ అని చదువుతూ పోయి సారు చిరాకుపడి, "ఇంతమంది ఎస్ లేంట్రా బాబూ, నంబర్లు పిలుస్తాను, పలకండి" అన్నారు. నాది ఇరవై మూడు. "ట్వంటీ త్రీ" అంటే "ప్రెజెంట్ సార్" అనాలి. మాలో సగం మందికి ట్వంటీ త్రీ అంటే మనమేనని తెలియడానికే రెండు రోజులు పట్టింది.

తర్వాత బోర్డు మీద వాక్యాలు రాశారు. మై నేమ్ ఈజ్ ఫలానా. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. ఒక్కొక్కర్ని లేపి అడుగుతున్నారు, "వాట్ ఈజ్ యువర్ ఫాదర్?" అని. మీ నాన్న ఏమిటి అంటే ఏం చెప్తాం? నాన్న నాన్నే. ఏం పని చేస్తాడని అడుగుతున్నారని ముందు బెంచీ వాళ్ళు పట్టుకున్నారు. అందరూ ఫార్మర్, ఫార్మర్ అంటూ కూర్చున్నారు. నా పక్కన మా పక్క గూడ కుర్రాడు. ఇద్దరం ఒకే సంతకి వెళ్ళేవాళ్ళం, ఒకే వాగులో ఈత నేర్చుకున్నాం. వాడు లేచి, గట్టిగా, "మై ఫాదర్ ఈజ్ కొండపోడు" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు.

ఆ నవ్విన వాళ్ళు ఎవరో పై కులాల పిల్లలు కాదు. అందరూ మనవాళ్ళే, ఎస్టీ పిల్లలే. కాకపోతే వాళ్ళ ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు, అంతే తేడా. ఆ తేడా ఎంత పెద్దదో అప్పుడు వాళ్ళకీ తెలీదు, మాకూ తెలీదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు నిజం చెప్పినవాడు వాడొక్కడే. పోడు చేసేవాణ్ణి ఫార్మర్ అంటే ఏదో చెప్పినట్టే ఉంటుంది గానీ నాగలి లేదు, ఎడ్లు లేవు, గట్టు లేదు, పాస్ పుస్తకం లేదు. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత పై తరగతుల సోషల్ పుస్తకంలో పోడు అన్నదానికి ఇంగ్లీషు మాట దొరికింది, షిఫ్టింగ్ కల్టివేషన్ అని. దొరికిన చోటు చూడండి: అడవులు తగ్గిపోవడానికి కారణాలు అన్న జాబితాలో. మా నాన్న చేసే పని ఇంగ్లీషులో నాకు మొదటిసారి అలా ఎదురైంది.

ఇక రెండో సంగతి. ఇది మన వాళ్ళందరికీ జరిగే ఉంటుంది, సవరలకే కాదు. సవరలో అతను, ఆమె అని విడి మాటలు లేవు. అనిన్ అంటాం. మగవాడైనా అనిన్, ఆడమనిషైనా అనిన్. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడు తెలుగులో "మా నాన్న వచ్చింది" అంటాడు. ఐదో తరగతి దాకా దానికి నవ్వులు తిన్నాం. కష్టపడి వచ్చాడు, వచ్చింది అని సర్దుకునేసరికి ఇంగ్లీషు క్లాసులో హీ, షీ అని మొదలు. తెలుగు పిల్లలకి హీ అంటే అతను, షీ అంటే ఆమె అని చెప్తే ఒక్క మెట్టు. మాకు ముందు అనిన్‌ని రెండుగా చీల్చాలి, చీల్చిన తెలుగు ముక్కల్ని మళ్ళీ ఇంగ్లీషు ముక్కలకి అతికించాలి. అక్కడ తమాషా ఏంటంటే, ఇంగ్లీషులో క్రియ మారదు. హీ కేమ్, షీ కేమ్. వచ్చాడు వచ్చింది గొడవే లేదు. మా భాషకి ఆ విషయంలో తెలుగు కంటే ఇంగ్లీషే దగ్గర. ఈ మాట ఎవరైనా ఆ మొదటి వారంలో చెప్పుంటే ఎంత ధైర్యంగా ఉండేది! ఎవరూ చెప్పలేదు. సవర తెలిసినవాళ్ళు స్టాఫ్ రూమ్‌లో ఒక్కరూ లేరు, చెప్పేదెవరు?

పాఠాల పద్ధతి ఇలా ఉండేది. సారు ఇంగ్లీషు వాక్యం చదువుతారు. కష్టమైన మాటల కింద గీత గీయమంటారు. బోర్డు మీద ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాస్తారు. మేం ఎక్కించుకుంటాం. ఒక రోజు కథలో ఒక రాజు వచ్చాడు. జెనరస్ అన్న మాటకి ఎదురుగా 'ఉదారుడు' అని రాశారు. ఆ రాత్రి స్టడీ అవర్లో మా జతగాడు నన్ను మోచేత్తో పొడిచి, "ఉదారుడు అంటే ఎవుడ్రా? ఆ రాజు పేరా?" అన్నాడు. నాకూ తెలీదు. అవతలి బెంచీ వాడిని అడిగాం. వాడింట్లో తెలుగే, వాడికీ తెలీదు. చివరికి ఉదారుడు రాజు పేరనే ఖాయం చేసుకున్నాం. రిలక్టెంట్ అంటే 'అయిష్టముగా'. ఆర్చర్డ్ అంటే 'ఫలోద్యానవనము'. ఫలోద్యానవనం! జీడి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట ఏం చెప్తుంది? "మీ అనాస తోట లేదూ, అదే" అంటే అయిపోయేది.

మందులో నీళ్ళు కలిపి ఇస్తే పర్వాలేదు. మందులో ఇంకో మందు కలిపి ఇచ్చినట్టు ఉండేది మా పని.

అప్పటికి ఒక నియమం కూడా పెట్టారు, క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలని. రాకపోతే తెలుగు. "ఆ కొండ భాష మాత్రం గేటు బయట వదిలేసి రండి" అన్నారు ఒకరు. చెడ్డగా అనలేదు, మా మేలు కోరే అన్నారు. అలా వదిలేస్తే ఇంగ్లీషు త్వరగా వస్తుందని ఆయన నిజంగానే నమ్మారు. మన అమ్మానాన్నల్లో చాలామంది కూడా అదే నమ్ముతారు. జరిగింది మాత్రం ఇంగ్లీషు రావడం కాదు. మేం నోరు మూసుకోవడం. గేటు బయట భాష వదిలేస్తే దాంతోపాటు అడగడం కూడా వదిలేసినట్టే. ఉదారుడు ఎవరని సారుని అడగడానికి కూడా ముందు ఒక భాష కావాలి కదా.

మూడో ఆదివారం తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే రోజు. మా జతగాడి నాన్న వచ్చాడు. అడ్డాకులో కట్టిన చింతపండు, కొన్ని పనసపళ్ళ తొనలు తెచ్చాడు. గేటు దగ్గర చెట్టు కింద కూర్చున్నారు ఇద్దరూ. వాడు గలగలా సవరలో మాట్లాడుతున్నాడు. మూడు వారాల్లో వాడి నోటి నుంచి అన్ని మాటలు నేను వినలేదు. సాయంత్రం చూస్తే వాడి పెట్టె లేదు. వార్డెన్ సారు సంతకం పెట్టించుకుని పంపేశారు, జ్వరం అని రాసుకున్నారు. రెండు నెలలు హాజరు పట్టీలో వాడి నంబరు పిలుస్తూనే ఉన్నారు, ఎవరూ పలికేవారు కాదు. తర్వాత ఆ నంబరు దాటేయడం మొదలుపెట్టారు.

లెక్కల్లో వాడు డ్రాపవుట్. పోడు కోతలకి పోయాడు, చదువు మీద శ్రద్ధ లేదు, తల్లిదండ్రులకి అవగాహన లేదు, ఇవీ కాగితం మీద రాసే కారణాలు. క్లాసులో ఏం జరిగిందో రాసే గడి ఆ కాగితంలో ఉండదు.

నేను ఎందుకు ఉండిపోయానంటే నాకు తెలివి ఎక్కువై కాదు. మా ఊళ్ళో నాకంటే రెండేళ్ళు పెద్ద అక్క ఒకామె పక్కనే ఆడపిల్లల బడిలో ఉండేది, ఆదివారాలు వచ్చి కూర్చోబెట్టి సవరలో చెప్పేది. అదొకటి. రెండోది, ఆగస్టులో ఒక గెస్టు టీచరు మేడమ్ వచ్చారు.

ఆవిడకి సవర రాదు. తెలియని భాషని గౌరవించడం మాత్రం వచ్చు. ఒక రోజు సింగింగ్ గురించి ఏదో పాఠం. "సింగ్" అన్నారు గట్టిగా. మేం నలుగురైదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. పాత సారైతే బెంచీ ఎక్కించేవారు. ఆవిడ, "ఏంటి, మీ మాటలో సింగ్ అంటే ఏమైనా ఉందా?" అన్నారు. ఉంది మేడమ్, ఇల్లు. మేం ఇంటిని ఆసింగ్ అంటాం, మాటల్లో కలిసినప్పుడు సింగ్ అని వస్తుంది. ఆవిడ బోర్డు మీద సింగ్ అని తెలుగులో రాసి, ఒకవైపు 'పాడు' అనీ ఇంకోవైపు 'ఇల్లు' అనీ రాశారు. సవర మాట అర్థం ఆ బోర్డు మీదికి ఎక్కడం అదే మొదటిసారి. మేం ఊపిరి బిగబట్టి చూశాం.

తర్వాత ఆవిడే ఒకటి కనిపెట్టారు. తెలుగు ఇళ్ళ పిల్లలు బుక్ అనమంటే బుక్కు, బస్ అంటే బస్సు అంటారు, చివర ఉకారం తగిలించకుండా ఉండలేరు. తెలుగు మాటల అలవాటు అది. మాకు ఆ బాధ లేదు. మా మాటలు చాలా హల్లుతోనే ఆగుతాయి. కింగ్, సాంగ్, రింగ్ అనే చివరి శబ్దం మా నోట్లో పుట్టుకతో ఉంది. "వీళ్ళని చూసి నేర్చుకోండి" అని మమ్మల్ని నిలబెట్టి చదివించారు. ఆరు వారాల్లో మొదటిసారి నవ్వు లేకుండా క్లాసు మా గొంతు వింది.

అంకెల సంగతి ఇంకా బాగుంటుంది. వన్, టూ చెప్పిస్తున్నారు. టెన్ తర్వాత ఎలెవెన్, ట్వెల్వ్, ఆ తర్వాత థర్టీన్, ఫోర్టీన్. ఒక పిల్లాడు అడిగాడు, "మేడమ్, వన్‌టీన్, టూటీన్ అని ఎందుకు లేవు?" అని. మంచి ప్రశ్న. పన్నెండు దాకా విడి పేర్లు, పదమూడు నుంచి కలిపి కట్టిన పేర్లు. మాకు అందులో వింతేమీ కనపడలేదు, ఎందుకంటే సవరలో లెక్క కూడా అక్కడే మలుపు తిరుగుతుంది. పది గెల్జి, పదకొండు గెల్‌మూయ్, పన్నెండు మిగ్గెల్. పదమూడు నుంచి పన్నెండు మీద కడతాం. పదమూడు అంటే మిగ్గెల్‌బొయ్, పన్నెండు-ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండు-ఏడు. ఇరవై బొకొడి. ముప్పై మూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పలుకుబడి ఊరిని బట్టి కొంచెం మారుతుంది గానీ పద్ధతి ఇదే. పన్నెండూ ఇరవై రెండిటి మీదా నడిచే ఇలాంటి లెక్క ప్రపంచ భాషల్లో అరుదని భాషాశాస్త్రం వాళ్ళు మా సవరని ఉదాహరణగా చెప్తారని డిగ్రీలో తెలిసింది. చిన్నప్పుడు మాత్రం "వీళ్ళకి లెక్కపెట్టడం కూడా సరిగ్గా రాదు" అన్న మాటే విన్నాం. ఎలెవెన్, ట్వెల్వ్ సంగతి కూడా తర్వాత చదివాను. పాత ఇంగ్లీషులో వాటి అర్థం పది పోగా ఒకటి మిగిలింది, పది పోగా రెండు మిగిలాయి అని. మా మిగ్గెల్‌కీ తెలుగు మిగలడానికీ సంబంధం లేదు లెండి, వినడానికి బాగుంది కాబట్టి రాశాను.

మేడమ్ ఆ రోజు మా చేత పన్నెండు దాకా సవరలో చెప్పించారు. అబొయ్, బాగు, యాగి, ఉంజి... క్లాసు మొత్తం మా వెనక పలికింది. నా పక్క బెంచీలో ఖాళీ ఉంది. వాడు ఇంకో ఆరు వారాలు ఓపిక పట్టి ఉంటే అనుకున్నాను. తర్వాత అనుకున్నాను, పదకొండేళ్ళ పిల్లాడు ఎందుకు పట్టాలి ఓపిక?

ఆ ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేశారు. గిడుగు రామమూర్తి గారి పుట్టిన రోజు. ఆయన ఫొటోకి దండ వేసి, వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలు చెప్పారు. నిజమే. అయితే ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, మా వాళ్ళని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారనీ, సవర పిల్లలకి బడులు పెట్టారనీ, 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయనీ ఆ రోజు వేదిక మీద ఎవరూ చెప్పలేదు. ముందు వరసలో కూర్చున్న సవర పిల్లలకే చెప్పలేదు. ఆ నిఘంటువు స్కాన్ కాపీని నేను చాలా ఏళ్ళ తర్వాత ఫోన్లో చూశాను. ఎడమవైపు మా మాట, పక్కనే ఇంగ్లీషు అర్థం. మధ్యలో ఫలోద్యానవనం లేదు. నేను ఆరో తరగతిలో చేరేనాటికి ఆ పుస్తకానికి డెబ్భై ఏళ్ళు పైబడ్డాయి. సవరకీ ఇంగ్లీషుకీ మధ్య దారి ఎవరో ఎప్పుడో వేసేశారు. మమ్మల్ని ఆ దారిన నడవనివ్వలేదు, అంతే.

ఇక్కడ కొంతమంది అన్నలకి కోపం రావచ్చు, అందుకే తేటగా చెప్తాను. ఇంగ్లీషు మీడియం వద్దని నేను ఎప్పుడూ అనను. కావాలి. మన పిల్లలకి ముందు కావాలి. 2019లో ఆంధ్రలో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని జీవో వచ్చినప్పుడు టీవీల్లో రోజూ చర్చలు. ఒకరు ఇంగ్లీషు కావాలంటారు, ఒకరు మాతృభాష కావాలంటారు. మాతృభాష అంటే తెలుగు అన్నట్టే ఇద్దరూ మాట్లాడారు. మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని మా అమ్మ ఆ చర్చ చూసింది. ఆమెకి తెలుగు సంతకి సరిపడా వచ్చు. ఇద్దర్లో ఎవరి మాటలోనూ ఆమె భాష లేదు. రాజ్యాంగం 350-ఎ అధికరణంలో ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు ఉండాలని ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లోనూ సాధ్యమైనంత వరకు అని చేర్చి అదే మాట ఉంది. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, కువి, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు తెచ్చారు. సవర పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు. మంచి పని. కానీ ఆ పుస్తకాలు ఒకటి రెండు మూడు తరగతుల దగ్గరే ఆగిపోతాయి. కొండ దిగే ఆరో తరగతి పిల్లాడికి, ఇంగ్లీషు పీరియడ్‌కి అవి తోడు రావు. కష్టం మొదలయ్యేది అక్కడ.

మా జతగాడి గురించి చెప్పాలి. పదో తరగతి అయ్యాక ఒకసారి, డిగ్రీలో ఒకసారి కలిశాడు. ముందు చెన్నైలో బిల్డింగ్ పనులు, తర్వాత ఇంకెక్కడెక్కడో. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం వాగు గట్టున కూర్చున్నాం. వాడికి ఫోన్ వచ్చింది. మేస్త్రీతో తమిళంలో మాట్లాడాడు. ఇంకో ఫోన్ వస్తే హిందీ. సిమెంటు లెక్క ఏదో చెప్తూ మధ్యలో ఇంగ్లీషు కొలతలు. పెట్టేశాక తెలుగులో నన్ను తిట్టి, సవరలో నవ్వాడు. నేను లెక్కపెట్టాను, ఐదు భాషలు. బీఈడీ చేస్తున్న నాకు మూడే.

"తమిళం ఎలా వచ్చిందిరా?" అన్నాను.

"ఏటుందిరా అందులో? ఆరు నెలల్లో వచ్చీసింది. అక్కడ మేస్త్రీకి పని కావాల, నాకు డబ్బులు కావాల. నాను తప్పు మాటాడితే ఆడు సరిచేసీవోడు గానీ నవ్వీవోడు కాదు."

భాష రాని పిల్లాడని బడి వదులుకున్నవాడు వాడు. వాడు అది బాధగా కూడా చెప్పలేదు. బాధపడింది నేను. ఫార్మర్ వాక్యం వాడికి గుర్తుంది. "ఇప్పుడడిగితే మై ఫాదర్ ఈజ్ కొండపోడు అనే చెప్తాన్రా" అన్నాడు.

అందుకని పోయినేడు మే నెలలో మేం నలుగురం, మా పంచాయతీలో చదువుకుంటున్నవాళ్ళం, ఒక పని చేశాం. ఆరో తరగతికి వెళ్ళబోయే తొమ్మిది మంది పిల్లల్ని పొద్దున్నే రెండు గంటలు పనస చెట్టు కింద కూర్చోబెట్టాం. పదిహేను రోజులు. మాకు శిక్షణ లేదు, డబ్బులు లేవు, రూళ్ళ నోటు పుస్తకాలు కొన్నాం. పేజీలో మూడు గళ్ళు గీయించాం. మొదటి గడి మన మాట, తెలుగు లిపిలో. రెండోది ఇంగ్లీషు. మూడోది తెలుగు, అదీ పిల్లలకి తెలిసిన తెలుగే. ఫలోద్యానవనం రాస్తే ఊరుకోం. వరస ముఖ్యం: మన మాట ముందు, ఇంగ్లీషు దాని పక్కనే. తెలుగు చివర.

మొదటి మూడు రోజులు బడిలో మొదటి వారం వినపడే మాటలే చెప్పాం. హాజరు పలకడం. నంబరు పిలిస్తే అది నువ్వేనని. వాట్ ఈజ్ యువర్ ఫాదర్ అంటే ఏమడుగుతున్నారో. బయటికి వెళ్ళాలంటే, కడుపు నొప్పంటే, అర్థం కాలేదంటే ఏమనాలో. ఈ చివరిదే అన్నిటికంటే ఎక్కువసార్లు అనిపించాం. ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్, మేడమ్. పెద్దగా, తల ఎత్తి. ఒక పిల్ల ఎంత గట్టిగా అంటుందంటే గొర్రెలు బెదిరి లేచేవి.

తర్వాత హీ, షీ. అనిన్ రెండు ముక్కలవుతుంది అని చెప్పి, క్రియ మారదులే అని ధైర్యం చెప్పాం. తర్వాత అంకెలు. మిగ్గెల్ దగ్గర మలుపు, ట్వెల్వ్ దగ్గర మలుపు. ఇది పిల్లలకి తెగ నచ్చింది. ఆ తర్వాత చెట్లు, పళ్ళు, ఇంట్లో సామాన్లు, పోడులో పనులు. పోడుకి ఇంగ్లీషు మాట ఏం చెప్పాలో మేం నలుగురం ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. షిఫ్టింగ్ కల్టివేషన్ అని ఒకడు, హిల్ ఫార్మింగ్ అని ఒకతె. చివరికి ఇంగ్లీషు గడిలో కూడా పోడు అనే రాయించాం. సారీ, లాఠీ లాంటి మన మాటల్నే ఇంగ్లీషువాళ్ళు అలాగే పట్టుకెళ్ళారు కదా, దీన్నీ పట్టుకెళ్ళమందాం.

తొమ్మిది మందిలో ఒకడు దసరాకి తిరిగొచ్చేశాడు, వాళ్ళింట్లో వేరే ఇబ్బంది. మిగతా ఎనిమిది మందీ ఉన్నారు. ఏడో తరగతికి వెళ్తున్నారు. దీన్నేదో పెద్ద ఫలితమని చెప్పడం లేదు, తొమ్మిది మందితో ఏం తేలుతుంది? అందులో ఒక పిల్ల మాత్రం ఇంగ్లీషు మేడమ్‌కి ఆ మూడు గళ్ళ పుస్తకం చూపించిందట. ఆవిడ తీసుకుని రెండు రోజులు ఉంచుకుని, అడుగున ఎర్ర ఇంకుతో సంతకం పెట్టి ఇచ్చారట. ఆ పిల్ల ఆ పేజీ ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు.

ఈ ఏడు మా పంచాయతీలో పద్నాలుగు మంది పిల్లలు దిగుతున్నారు. మే 25 నుంచి మళ్ళీ కూర్చుంటున్నాం. సవర పుస్తకం మా దగ్గర సిద్ధంగా ఉంది, నూట ఎనభై మాటలు. ఎవరికి కావాలన్నా పేజీలు ఫొటో తీసి పంపుతాను. కానీ అది కోయ పిల్లాడికి పనికిరాదు, కొలామి పిల్లకి పనికిరాదు. భద్రాచలం వైపు, ఉట్నూరు వైపు, రంపచోడవరం, పాడేరు వైపు వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ మాట మీరే రాయాలి. ముందు చిన్నగా మొదలుపెడదాం. ఇల్లు, నీళ్ళు, అమ్మ, అన్నం, 'నాకు అర్థం కాలేదు', ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే, తెలుగు లిపిలో, ఏ ఊరో చెప్తూ కింద రాయండి. మీకు సరిగ్గా గుర్తులేకపోతే అమ్మమ్మని అడగండి. మేమూ మా అమ్మమ్మనే అడిగాం. గెల్‌మూయ్ దగ్గర ఆమె నా పలుకు రెండుసార్లు దిద్దింది.